విశ్వం ఆకారాన్ని లోపలే ఉండి ఎలా కొలుస్తారు?

ఎండాడ వాసి

సభ్యులకు నమస్కారం. మా అమ్మాయి పదో తరగతి చదువుతోంది. మొన్న ఆదివారం సాయంత్రం మన విశాఖపట్నం రామకృష్ణా బీచ్‌లో కూర్చున్నప్పుడు ఒక సరుకుల ఓడ దూరమవుతూ, ముందు దాని పొట్ట, ఆ తరువాత పైభాగం నీటి గీత కిందికి దిగిపోవడం చూసింది. భూమి గుండ్రంగా ఉందని ఒడ్డున కూర్చునే తెలుసుకోగలిగినప్పుడు విశ్వం ఆకారాన్ని కూడా అలాగే తెలుసుకోవచ్చా అని అడిగింది. ఎక్కడో "విశ్వం సమతలంగా ఉంది" అని చదివిందట. అంటే విశ్వం అట్టులాగా పలచగా ఉంటుందా అన్నది ఆమె రెండో ప్రశ్న. నేను బ్యాంకు ఉద్యోగిని, ఆమె తల్లి తెలుగు అధ్యాపకురాలు, కాబట్టి ఇంట్లో జవాబు దొరకలేదు. దయచేసి ఆ వయసు పిల్లకు అర్థమయ్యేలా, అయితే అబద్ధం కాకుండా, ఎవరైనా వివరించగలరా?

పాత సర్వేయరు

అమ్మాయి ఓడను చూసి మొదలుపెట్టడం బాగుంది, కానీ ఆ ఉపమానం విశ్వం దగ్గర పనికిరాదు. ఓడ కిందికి దిగిపోయిందంటే దిగడానికి ఒక "కింద" ఉండాలి, అంటే భూమి ఉపరితలం బయట మరొక దిక్కు ఉండాలి. విశ్వానికి బయట అనేది మనకు అందదు. అందువల్ల ఉపరితలాన్ని విడవకుండా, దాని మీదనే పాకుతూ వంపును కనిపెట్టే ఉపాయం కావాలి. అది మా వృత్తిలో పాత ఉపాయమే. త్రిభుజం గీసి మూడు కోణాలు కలపండి. బల్ల మీదైతే 180 డిగ్రీలు వస్తాయి. గోళం మీద అంతకంటే ఎక్కువ వస్తాయి. ఆ ఎక్కువైనదాన్ని మేము గోళాధిక్యం అంటాం. త్రిభుజం వైశాల్యాన్ని భూవ్యాసార్ధపు వర్గంతో భాగిస్తే అది వస్తుంది.

మన ఊరి లెక్కే చెబుతాను. రామకృష్ణా బీచ్, కైలాసగిరి, సింహాచలం కొండ ఈ మూడింటినీ కలిపితే సుమారు 23 చదరపు కిలోమీటర్ల త్రిభుజం అవుతుంది. దాని కోణాల మొత్తం 180 డిగ్రీలను దాటేది వికలలో పదో వంతు మాత్రమే. (డిగ్రీలో అరవయ్యో వంతు కల, కలలో అరవయ్యో వంతు వికల.) ఏ మామూలు పరికరానికీ అది అందదు. అదే విశాఖపట్నం, హైదరాబాదు, చెన్నై కలిపితే సుమారు 16 కలలు, అంటే డిగ్రీలో పావు వంతు వస్తుంది. అంటే చిన్న త్రిభుజానికి లోకం బల్లపరుపుగానే కనిపిస్తుంది, పెద్ద త్రిభుజం గీసినవాడికే వంపు తెలుస్తుంది. 1802లో బ్రిటిష్ సర్వేయరు లాంబ్టన్ మద్రాసు దగ్గర మొదలుపెట్టిన మహా త్రికోణమితీయ సర్వేలో ఈ సవరణ లేకుండా ముందుకు కదలడం సాధ్యమయ్యేది కాదు.

భీమిలి మాస్టారు

సర్వేయరు గారు చెప్పిన పద్ధతి సరైనదే, కానీ చివరి అంకె దగ్గర ఆగాను. విశాఖ–హైదరాబాదు 620 కిలోమీటర్లు అని తీసుకున్నట్టున్నారు. అది రోడ్డు దూరం. అక్షాంశ రేఖాంశాలతో కడితే 500 కిలోమీటర్లే. మిగిలిన రెండు భుజాలు 516, 602. వైశాల్యం సుమారు 1,25,000 చదరపు కిలోమీటర్లు, గోళాధిక్యం పదిన్నర కలలు.

త్రిభుజం కథలో జర్మన్ గణితజ్ఞుడు గౌస్ పేరు తప్పక వస్తుంది కాబట్టి ముందే ఒక మాట. 1820లలో హనోవర్ రాజ్యపు సర్వేలో ఆయన హోహెన్‌హాగెన్, బ్రొకెన్, ఇన్సెల్స్‌బెర్గ్ అనే మూడు కొండ శిఖరాల మధ్య త్రిభుజాన్ని కొలిచారు. భుజాలు సుమారు 69, 85, 107 కిలోమీటర్లు. అంతరాళమే వంగి ఉందేమో పరీక్షించడానికి ఆయన ఆ కొలత చేశారని చాలా పుస్తకాలు రాస్తాయి. కొలిచింది భూమి పటం కోసం. అంతరాళం సంగతి ఆయన మనసులో ఎంతవరకు ఉందన్నది చరిత్రకారుల మధ్య ఇంకా తేలని వివాదం. దాన్ని పిల్లలకు ఖాయమైన విషయంగా చెప్పకుండా ఉండటమే మేలు.

పాత సర్వేయరు

మాస్టారూ, తప్పు నాదే. ఫోనులో చూపిన దూరాన్ని వేసేశాను. ముప్పై ఏళ్లు గొలుసు పట్టినవాడు చేయవలసిన పొరపాటు కాదు. పదిన్నర కలలే సరైనది.

డాబాగార్డెన్స్ పాతకాపు

కోణాలు కొలిచి దూరాలు రాబట్టే మాట వచ్చింది కాబట్టి మన ఊరి పాత సంగతి ఒకటి. పంతొమ్మిదో శతాబ్దంలో గోడె వెంకట జగ్గారావు గారు ఇక్కడ డాబాగార్డెన్స్‌లో సొంత ఖర్చుతో ఖగోళ వేధశాల కట్టించారు. ఆయన తరువాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు దాన్ని నడిపారు. 1874 డిసెంబరు 9న సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటడాన్ని ఆయన ఇక్కడి నుంచే పరిశీలించారు. అప్పట్లో ప్రపంచమంతా ఆ సంక్రమణం వెంట పడడానికి కారణం ఖగోళ శాస్త్రజ్ఞుడు హేలీ 1716లో సూచించిన ఉపాయం. భూమి మీద వేర్వేరు చోట్ల నుంచి చూస్తే శుక్రుడు సూర్యుడి మీద కొద్దిగా వేర్వేరు దారుల్లో నడిచినట్టు కనిపిస్తాడు, ఆ తేడా నుంచి సూర్యుడి దూరం వస్తుంది. డాల్ఫిన్స్ నోస్ కొండ మీది నుంచి రేవులోని ఓడలకు సమయ సంకేతం ఇచ్చే ఏర్పాటు కూడా ఆ వేధశాల వారిదే. ఆ ప్రాంతం మీదుగా రోజూ పోయేవారిలో ఈ సంగతి తెలిసినవారు ఎంతమంది ఉంటారో!

నేపథ్య వికిరణం

నేను విశ్వోద్భవ శాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను, ప్రస్తుతం సెలవుల్లో ఎం.వి.పి. కాలనీలో మా ఇంట్లో ఉన్నాను. పాతకాపు గారి ప్రస్తావన పక్కదారి కాదు. సూర్యుడి దూరం తెలియగానే భూకక్ష్య ఒక కొలబద్ద అయింది. ఆరు నెలల తేడాతో చూసినప్పుడు నక్షత్రం ఎంత జరిగినట్టు కనిపిస్తుందో, అంటే దాని లంబనం ఎంతో, 1838లో బెసెల్ మొదటిసారి నమ్మదగిన విధంగా కొలిచారు. ఆ కొలతను అంతరాళపు వంపుకు అన్వయించినవారు 1900లో కార్ల్ ష్వార్జ్‌షిల్డ్. ఆయన వాదం చాలా సొగసైనది. అంతరాళం గుర్రపు జీనులాగా వెలుపలికి విచ్చుకునే రకమైతే, అనంత దూరంలో ఉన్న నక్షత్రానికి కూడా సున్నా కాని కనీస లంబనం ఉండి తీరాలి. అప్పటికే ఎన్నో నక్షత్రాలకు వికలలో ఇరవయ్యో వంతు కంటే తక్కువ లంబనం ఉన్నట్టు తెలుసు. కాబట్టి వంపు ఉంటే దాని వ్యాసార్ధం భూమి–సూర్యుల దూరానికి కనీసం 40 లక్షల రెట్లు ఉండాలని ఆయన లెక్క కట్టారు. సాధారణ సాపేక్ష సిద్ధాంతానికి పదిహేనేళ్ల ముందు సంగతి ఇది.

అయితే 40 లక్షల రెట్లు అంటే 63 కాంతి సంవత్సరాలే. బీచ్–కైలాసగిరి త్రిభుజం లాంటిది. అసలు త్రిభుజం గీయాలంటే కంటికి అందే విశ్వమంతటికీ విస్తరించిన భుజాలు కావాలి.

సందేహి

అంత పెద్ద త్రిభుజానికి మూడు మూలల్లో ఎవరు నిలబడతారు? ఒక మూల మనది. మిగిలిన రెండు మూలల దగ్గర కోణం కొలిచే మనిషి లేడు కదా?

నేపథ్య వికిరణం

మూడు కోణాలూ కొలవనవసరం లేదు. మనకు ఎదురుగా ఉన్న అడుగు భుజం పొడవు ముందే తెలిసి, మిగిలిన రెండు భుజాల పొడవూ తెలిసి ఉంటే, మన దగ్గర ఏర్పడే ఒక్క కోణం చాలు. సమతల రేఖాగణితం చెప్పినంత కోణం కనిపిస్తే వంపు లేదు. అంతకంటే పెద్దదిగా కనిపిస్తే విశ్వం గోళంలాగా లోపలికి ముడుచుకునేది, దాన్ని సంవృతం అంటారు. చిన్నదిగా కనిపిస్తే జీనులాగా విచ్చుకునేది, అది వివృతం. వంపు మొత్తం దేనివల్ల వస్తుందంటే, విశ్వంలో ఉన్న సమస్త పదార్థం, శక్తి సాంద్రత వల్ల. 1922, 1924లలో ఫ్రీడ్‌మన్ సమీకరణాలు ఇచ్చిన సంబంధం అది. ఘనపు మీటరుకు సుమారు ఐదు హైడ్రోజన్ పరమాణువుల సాంద్రతను సందిగ్ధ సాంద్రత అంటారు. సరిగ్గా అంతే ఉంటే విశ్వం సమతలం.

ఇక ముందే పొడవు తెలిసిన ఆ అడుగు భుజం సంగతి. విశ్వం పుట్టిన తొలి 3,80,000 సంవత్సరాలు వేడి అయనీకృత వాయువుతో నిండి ఉండేది. అందులో కాంతి, పదార్థం కలిసి ఒకే ప్రవాహంలా కదిలేవి, పీడన తరంగాలు, అంటే ఒక రకమైన శబ్దం, కాంతివేగంలో సగానికి పైబడిన వేగంతో ప్రయాణించేవి. సుమారు 3,000 కెల్విన్లకు చల్లబడగానే పరమాణువులు ఏర్పడి, కాంతి విడిపోయి, శబ్దం ఉన్నచోట ఆగిపోయింది. అప్పటివరకు శబ్దం ఎంత దూరం పోగలిగిందో భౌతిక శాస్త్రం లెక్క కట్టగలదు. అదే మన కొలబద్ద. విడిపోయిన ఆ కాంతినే నేపథ్య వికిరణం అంటారు, దాన్ని కనుగొన్నట్టు 1965లో పెంజియస్, విల్సన్ ప్రకటించారు. ఇప్పుడు దాని ఉష్ణోగ్రత 2.725 కెల్విన్లు. అందులో లక్షలో ఒక వంతు హెచ్చుతగ్గులను 1992లో కోబె ఉపగ్రహం చూపింది, కానీ దాని చూపు మందం, ఏడు డిగ్రీల కంటే చిన్న మచ్చలు దానికి విడిగా కనిపించవు. మనకు కావలసిన మచ్చ వెడల్పు దాదాపు ఒక డిగ్రీ, చందమామకు రెండింతలు.

సందేహి

ఒక లెక్క పొసగడం లేదు. నేను చదివిన చోట ఆ శబ్దం పోయిన దూరం అప్పటి కొలతలో 4.4 లక్షల కాంతి సంవత్సరాలని ఉంది. 3.8 లక్షల ఏళ్లలో కాంతి కూడా పోలేని దూరం శబ్దం ఎలా పోయింది?

భీమిలి మాస్టారు

సాగుతున్న రబ్బరు తాడు మీద చీమ నడుస్తోందనుకోండి. చీమ వేసే అడుగులే కాదు, అది ఇప్పటికే దాటివచ్చిన తాడు కూడా సాగుతూ ఉంటుంది. చివరకు బయలుదేరిన చోటు నుంచి చీమ ఉన్న దూరం, దాని వేగాన్ని కాలంతో గుణిస్తే వచ్చేదానికంటే ఎక్కువే ఉంటుంది. విశ్వం వ్యాకోచిస్తున్నదని మరచిపోతేనే ఆ లెక్క తప్పుతుంది. అప్పటి నుంచి ఇప్పటికి విశ్వం సుమారు 1,090 రెట్లు సాగింది కాబట్టి ఆ 4.4 లక్షలు ఇప్పుడు సుమారు 47, 48 కోట్ల కాంతి సంవత్సరాలు. ఆ కాంతి బయలుదేరిన చోటు ఇప్పుడు మనకు 4,530 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. 47ను 4,530తో భాగించి డిగ్రీల్లోకి మార్చండి. 0.6 డిగ్రీ వస్తుంది. అది వ్యాసార్ధం లాంటిది కాబట్టి మచ్చ వెడల్పు ఒక డిగ్రీ పైచిలుకు. ప్లాంక్ ఉపగ్రహం కొలిచిన కోణం 0.5965 డిగ్రీ. విశాఖపట్నంలో కాగితం మీద వేసిన మూడో తరగతి భాగహారం ఆకాశంలో ఇంత దగ్గరగా తేలడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

రేవు ఉద్యోగి

ఈ కొలత చేయడానికి ఉపగ్రహమే కావాలా? మన తీరంలో ఒక దూరదర్శిని పెడితే కనిపించదా?

నేపథ్య వికిరణం

కనిపించదు, ఎందుకంటే మన ఊరి ఉక్కపోతకు కారణమైన నీటి ఆవిరే, ఆ కాంతి ఇప్పుడు మనల్ని చేరే రూపమైన సూక్ష్మతరంగాలను మింగేస్తుంది. పైగా ఆవిరి తానే అదే తరంగదైర్ఘ్యాల్లో వెలుగుతుంది. అందుకే ఈ దూరదర్శినులను దక్షిణ ధ్రువం మీద, చిలీలోని అటకామా ఎడారిలో, లేదా బెలూన్లకు కట్టి గాలి పలచబడిన ఎత్తులో పెడతారు.

మలుపు తిప్పినది కూడా ఒక బెలూనే. 1998 డిసెంబరు చివరలో అంటార్కిటికా మీద ఎగరేసిన బూమరాంగ్ అనే ప్రయోగం సుమారు 38 కిలోమీటర్ల ఎత్తున, ధ్రువం చుట్టూ తిరిగే గాలులను పట్టుకుని పదిన్నర రోజులు ప్రయాణించి, బయలుదేరిన చోటు దగ్గరికే తిరిగి వచ్చింది. దాని గ్రాహకాలను పరమ శూన్య ఉష్ణోగ్రతకు ఒక కెల్విన్‌లో మూడో వంతు లోపలికి చల్లబరిచారు. 2000 ఏప్రిల్‌లో వెలువడిన ఫలితంలో మచ్చల వెడల్పు సుమారు ఒక డిగ్రీ అని తేలింది. విశ్వంలో పదార్థం సందిగ్ధ సాంద్రతలో మూడో వంతే ఉండి, మరేమీ లేకపోయి ఉంటే, మచ్చలు దాదాపు అర డిగ్రీకి కుంచించుకుని కనిపించాలి. అలా కనిపించలేదు. రెండేళ్ల ముందు, 1998లో, దూరపు సూపర్‌నోవాలను, అంటే పేలిపోయే నక్షత్రాలను బట్టి విశ్వం వ్యాకోచం వేగవంతమవుతోందని రెండు బృందాలు ప్రకటించినప్పుడు దానికి కారణంగా చెప్పిన చీకటి శక్తిని నమ్మడానికి చాలామంది వెనకాడారు. పదార్థం మూడో వంతే అయినా విశ్వం సమతలంగా ఉందంటే మిగిలిన రెండు వంతులు ఏదో ఒకటి పూడ్చాలి, ఆ ఖాళీ కొలత సరిగ్గా చీకటి శక్తికి సరిపోయింది. అంటే ఆకారాన్ని కొలవబోయి, విశ్వంలో ఏముందో కూడా తూకం వేసినట్టయింది.

సందేహి

ఇక్కడ ఒక చక్రదోషం ఉందనిపిస్తోంది. మాస్టారు 4,530 కోట్ల కాంతి సంవత్సరాలు అన్నారు. ఆ దూరాన్ని ఎవరూ టేపు పెట్టి కొలవలేదు. విశ్వం సమతలమని అనుకుని, వ్యాకోచ చరిత్రను అనుకుని లెక్క కట్టారు. సమతలమని అనుకుని కట్టిన దూరంతో సమతలమని నిరూపించడం ఏ తర్కం?

నేపథ్య వికిరణం

ఈ చర్చలో ఇంతవరకు వచ్చిన ప్రశ్నల్లో ఇదే అన్నిటికంటే పదునైనది. మీరు చెప్పినది నిజం. నేపథ్య వికిరణంలోని ఒక్క కోణం నుంచి వంపును, దూరాన్ని విడదీయలేము. విశ్వం కొద్దిగా సంవృతమై, వ్యాకోచపు రేటు తక్కువగా ఉన్నా అదే కోణం కనిపిస్తుంది. మా రంగంలో దీన్ని జ్యామితీయ అపభ్రంశం అంటాం. ఇది కాగితం మీది భయం కాదు, 2019లో నిజంగానే గొడవ చేసింది. ప్లాంక్ ఉపగ్రహం 2018లో వెలువరించిన దత్తాంశాన్ని మరే ఆధారమూ కలపకుండా ఒంటరిగా తీసుకుంటే, వంపు విలువ సున్నా కాక మైనస్ 0.044 వైపు, అంటే సంవృత విశ్వం వైపు మొగ్గింది. ది వలెంటినో, మెల్కియోరి, సిల్క్ ఆ మొగ్గును తేలికగా కొట్టివేయకూడదని రాశారు. వికిరణం మన దాకా వచ్చే దారిలో గెలాక్సీల గురుత్వం వల్ల కొద్దిగా వంగుతుంది. ప్లాంక్ పటంలో ఆ వంపు ఊహించిన దానికంటే కొంత ఎక్కువ కనిపించడమే ఆ మొగ్గుకు మూలం.

కానీ ఆ విశ్వాన్ని ఒప్పుకుంటే వ్యాకోచపు రేటు మెగాపార్సెక్కుకు (సుమారు 32.6 లక్షల కాంతి సంవత్సరాల దూరానికి) సెకనుకు 54 కిలోమీటర్లకు పడిపోతుంది. వేరే ఏ కొలతా అంత తక్కువ చెప్పదు. సాధారణంగా 67కు, 73కు మధ్యనే తగవు. ఎఫ్‌స్టాథియు, గ్రాటన్ అదే దత్తాంశాన్ని మరో గణాంక పద్ధతిలో విశ్లేషించి ఆ మొగ్గు బలహీనపడుతుందని చూపారు. 2020లో అటకామా దూరదర్శిని స్వతంత్రంగా కొలిచి సమతలానికే దగ్గరగా వచ్చింది. ఆ తరువాత ప్లాంక్ దత్తాంశాన్నే కొత్తగా శుద్ధి చేసినప్పుడు కూడా మొగ్గు తగ్గింది.

మీ చక్రాన్ని తెంచేది మరొకటి. ఆ తొలి శబ్దం ఆగిపోయిన చోట్ల పదార్థం కొద్దిగా ఎక్కువ పోగుపడి, తరువాత అక్కడ గెలాక్సీలు కొంచెం ఎక్కువగా పుట్టాయి. అందువల్ల గెలాక్సీ జంటల మధ్య దూరాలను లక్షల సంఖ్యలో లెక్కిస్తే సుమారు 48 కోట్ల కాంతి సంవత్సరాల దగ్గర ఒక చిన్న ఉబ్బు కనిపిస్తుంది. దాన్ని 2005లో స్లోన్ అనే గెలాక్సీల సర్వేలో గుర్తించారు. అంటే అదే కొలబద్ద ఆకాశంలో మనకు దగ్గరగా, మధ్యలో, దూరంగా పలుచోట్ల నిలబెట్టి ఉంది. సర్వేయరు గారికి తెలుసు, ఒకే దూరంలో ఒకే కర్రను చూస్తే దూరం, కర్ర విడివడవు, అదే కర్రను పలు దూరాల్లో చూస్తే విడివడతాయి. ఈ ఆధారాన్ని కలిపినప్పుడు వంపు విలువ 0.0007, దోషపు పరిధి 0.0019. సున్నా ఆ పరిధిలోనే ఉంది. ఆరిజోనాలోని కిట్ పీక్ మీద 5,000 కాంతి తీగలతో పనిచేస్తున్న డెసి సర్వే ఇదే పనిని ఇంకా పెద్ద ఎత్తున చేస్తోంది.

పాత సర్వేయరు

అంటే మీరు "సమతలం" అన్నప్పుడు నేను "బీచ్–కైలాసగిరి త్రిభుజానికి వంపు దొరకలేదు" అన్నట్టే అర్థం చేసుకోవాలి. వంపు లేదని కాదు, మా పరికరానికి ఇంతవరకు అందలేదని. దోషపు పరిధి లేకుండా ఏ కొలతనూ మా శాఖలో పుస్తకంలో రాయనిచ్చేవారు కారు.

నేపథ్య వికిరణం

అవునండి. ఒక సంఖ్య చెబుతాను. ఆ దోషపు పరిధిని రెండింతలు చేసి ఉదారంగా తీసుకున్నా, వంపు అంటూ ఉంటే దాని వ్యాసార్ధం ఇప్పుడు 20,000 కోట్ల కాంతి సంవత్సరాలకు పైబడే ఉండాలి. కంటికి అందే విశ్వపు వ్యాసార్ధం సుమారు 4,650 కోట్ల కాంతి సంవత్సరాలు. అంటే మన త్రిభుజం కంటే వంపు చాలా పెద్దది. సంవృతమైతే అందులో మనం చూస్తున్నది ఒక వీధి లాంటిది. విచిత్రం ఏమిటంటే కొలతకు పదును ఎంత పెంచినా "సరిగ్గా సున్నా" అని ఎన్నటికీ చెప్పలేము. సున్నా కాదని మాత్రం ఏదో ఒక రోజు చెప్పగలగవచ్చు.

ఎండాడ వాసి

అందరికీ కృతజ్ఞతలు. అమ్మాయి రెండు రోజులుగా ఇవన్నీ చదువుతోంది. అట్టు గురించిన తన ప్రశ్నకు జవాబు దొరికిందని, సమతలం అంటే పలచనిది కాదు, మూడు దిక్కుల్లోనూ బడిలో చెప్పిన రేఖాగణితం చెల్లేది అని అర్థమని నాకే చెప్పింది. ఇప్పుడు ఇంకొక ప్రశ్న. సమతలమైతే అంతు లేదనేగా అర్థం? ముడుచుకునేదైతేనే అంతు ఉంటుందా?

భీమిలి మాస్టారు

కాదు, ఇక్కడ చాలామంది జారిపోతారు, కొన్ని పాఠ్యపుస్తకాలు కూడా. ఇంట్లో చాప ఉంటే దాని మీద సుద్దముక్కతో త్రిభుజం గీయించండి. తరువాత చాపను చుట్టి ఎదురెదురు అంచులను కలపండి. త్రిభుజం కోణాలు మారాయా? చాప ఎక్కడా సాగలేదు, చిరగలేదు కాబట్టి మారలేదు. చాప మీద పాకే చీమకు అది ఇప్పటికీ సమతలమే, కానీ ఒక దిక్కున నడుస్తూ పోతే బయలుదేరిన చోటికే వస్తుంది. అంటే ఆ దిక్కున అంతు ఉంది, అంచు లేదు. ఇప్పుడు బత్తాయి తొక్కను బల్ల మీద పరచమనండి. చిరగకుండా పరచలేరు. వంపు అంటే అది. చాపకు ఉన్నది వంపు కాదు, అతుకు. దీన్ని చదివే శాస్త్రం టోపాలజీ.

రేవు ఉద్యోగి

అయితే రెండు దిక్కులా అతికితే గారెలాగా అవుతుంది. కానీ గారె ఉపరితలం స్పష్టంగా వంగి ఉంది కదా?

భీమిలి మాస్టారు

మన మూడు పరిమాణాల వంటింట్లో చేసిన గారె వంగుతుంది, నిజమే. పాత మొబైలు ఫోనులో పాము ఆట గుర్తు చేసుకోండి. కుడి అంచు దాటిన పాము ఎడమ అంచులోంచి వచ్చేది, పైన దాటితే కింద నుంచి వచ్చేది. ఆ తెర ఎక్కడా వంగలేదు, కానీ అతుకు గారెదే. మన విశ్వం అలాంటి తెరకు మూడు పరిమాణాల రూపమైతే సమతలంగానూ, అంతు ఉన్నదిగానూ ఒకేసారి ఉండగలదు. ఫ్రీడ్‌మన్ సమీకరణాలు వంపు గురించి చెబుతాయి కానీ అతుకు గురించి ఏమీ చెప్పవు. అందుకు పరిశీలనే గతి.

ఎండాడ వాసి

అమ్మాయి అడుగుతోంది, అలాగైతే దూరంగా చూస్తే మన గెలాక్సీయే మనకు కనిపించాలి కదా, సెలూన్‌లో ఎదురెదురు అద్దాల్లో మనం మళ్లీ మళ్లీ కనిపించినట్టు?

నేపథ్య వికిరణం

కనిపించవచ్చు, కానీ గుర్తుపట్టడం కష్టం. ఆ ప్రతి వందల కోట్ల సంవత్సరాల కిందటిది అవుతుంది, పైగా వేరే వైపు నుంచి కనిపిస్తుంది. తాతమ్మ పసిపాపగా ఉన్నప్పుడు వీపు వైపు నుంచి తీసిన ఫోటో చూపి ఇది మీ తాతమ్మే అన్నట్టు. అందుకే గెలాక్సీల బదులు నేపథ్య వికిరణంలోనే వెతకడం మేలని 1998లో కార్నిష్, స్పెర్గెల్, స్టార్క్‌మన్ సూచించారు. ఆ వికిరణం మన చుట్టూ ఒక గోళంలా కనిపిస్తుంది. విశ్వం ఆ గోళం కంటే చిన్న గదిలా అతికి ఉంటే గోళం తన ప్రతినే ఖండించుకుంటుంది. రెండు గోళాలు ఖండించుకునే చోట వలయం వస్తుంది. కాబట్టి ఆకాశంలో రెండు వేర్వేరు చోట్ల హెచ్చుతగ్గులు ఒకే వరసలో ఉన్న జంట వలయాలు కనిపించాలి.

ఈలోగా 2003లో లూమినే, ఆయన సహచరులు మరొక మాట అన్నారు. పెద్ద కోణాల్లో వికిరణపు హెచ్చుతగ్గులు ఊహించిన దానికంటే బలహీనంగా ఉన్నాయి, చిన్న గంటలో పెద్ద నాదం మోగలేదన్నట్టు. పన్నెండు పంచభుజి ముఖాలను అతికితే వచ్చే పాయింకరే రూపం దీనికి కారణం కావచ్చు అని. ఆ ప్రతిపాదన చదివిన నాడు ఎవరికైనా మనసు పొంగుతుంది. కానీ 2004లో కార్నిష్ బృందం డబ్ల్యుమ్యాప్ ఉపగ్రహం గీసిన వికిరణ పటంలో ఎదురెదురు వలయాలను వెతికి, సుమారు 7,800 కోట్ల కాంతి సంవత్సరాల కంటే చిన్న గది అయితే దొరికి ఉండేదని, దొరకలేదని ప్రకటించింది. ప్లాంక్ పటంలోనూ దొరకలేదు. అయినా తలుపు పూర్తిగా మూయలేదు. ఎదురెదురుగా కాకుండా పక్కకు తిప్పి అతికిన రూపాలను అంత గట్టిగా పరీక్షించలేదని ఇటీవల కాంపాక్ట్ అనే పరిశోధక బృందం చూపుతోంది.

సందేహి

వలయాలు దొరకకపోవడం వల్ల అంతు లేదని తేలదు కదా. గది మన చూపు కంటే పెద్దదైతే ఎన్నటికీ దొరకవు.

నేపథ్య వికిరణం

తేలదు.

ఎండాడ వాసి

క్షమించండి, ఇది చివరి ప్రశ్న అని ఆమె మాట ఇచ్చింది. అద్దంలో కుడి ఎడమలు మారతాయి. పాము ఆట విశ్వంలో చుట్టి వచ్చినవాడికి కూడా మారతాయా?

భీమిలి మాస్టారు

పాము ఆటలో మారవు, కుడి చేయి కుడి చేయిగానే తిరిగి వస్తుంది. కానీ సమతలంగా ఉంటూ అన్ని దిక్కులా అంతు ఉండే మూడు పరిమాణాల రూపాలు మొత్తం పదే ఉన్నాయని గణితజ్ఞులు తేల్చారు. వాటిలో ఆరింటిలో మారదు. మిగిలిన నాలుగింటిలో కొన్ని దారులున్నాయి. ఆ దారిన చుట్టి వచ్చినవాడి గుండె కుడివైపు కొట్టుకుంటూ ఉంటుంది, అతనికి మాత్రం లోకమే తిరగబడ్డట్టు తోస్తుంది, భీమిలి బస్సు బోర్డు చదవలేడు.